శవం కనబడని పేజీ

సూపర్ హీరోల చావుల గురించి నాతో వాదనకు దిగకండి, ఓడిపోతారు. ఎవరు పోబోతున్నారో, పోయినవాడు ఎన్నాళ్ళకు తిరిగొస్తాడో అట్ట చూసి చెప్పేస్తాను. ఇదేం బ్రహ్మవిద్య కాదు. చిన్నప్పటినుంచీ అదే పనిగా చదివితే ఎవరికైనా వస్తుంది. అయితే నాకు వచ్చినంత మా అన్నయ్యకు రాలేదని నేనూ, తనకు వచ్చిందాంట్లో సగం కూడా నాకు రాలేదని వాడూ సముద్రాలకు అటొకరం ఇటొకరం కూర్చుని ఫోన్లో కొట్టుకునేవాళ్ళం.

మాకీ పిచ్చి ఏలూరులో అంటుకుంది. మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో తెలుగు నవలల వెనక పాత అమెరికన్ కామిక్స్ కట్ట ఒకటుండేది. అవి ఎక్కడినుంచి వచ్చాయో షాపాయనకే తెలియదు. ఇంగ్లీషు సగమే అర్థమయ్యేది కాబట్టి హీరోల పేర్లు మాకు నచ్చినట్టు పెట్టుకునేవాళ్ళం. మా ఇద్దరికీ ప్రాణం ఇత్తడి ముసుగువాడు. పగలంతా గడియారాలు బాగుచేసుకుంటూ, సాయంత్రం ముసుగు తగిలించుకుని బయల్దేరే మనిషి. వచ్చిన చిక్కల్లా ఆ పుస్తకాలకు చివరి పేజీలు ఉండేవి కావు. ఎవరెవరి చేతుల్లోనో చిరిగిపోయేవి. హీరో మేడమీదినుంచి పడుతూ ఉండగా పుస్తకం అయిపోయేది. బతికాడా, పోయాడా? నేను ఏడుపు మొదలుపెట్టేదాన్ని. "ఏడవకే పిచ్చిమొహమా, శవం కనబడిందా నీకు? కనబడలేదుగా! అయితే చావనట్టే" అని అన్నయ్య తీర్పు చెప్పేవాడు. వాడు నాకంటే రెండేళ్ళే పెద్ద, కానీ ఆ తీర్పు మాత్రం తాతలా చెప్పేవాడు.

పెద్దయ్యాక తెలిసింది, ఆ తీర్పు మా ఏలూరుదే కాదు, ప్రపంచంలో కామిక్స్ చదివే ప్రతివాడూ అదే అంటాడని.

పెళ్ళయి హెచ్-ఫోర్ వీసా మీద అమెరికాలో మోరిస్‌విల్ వచ్చిపడ్డాను. ఉద్యోగం చెయ్యకూడదు, కారు నడపడం రాదు, మావారు పొద్దున పోతే సాయంత్రం వచ్చేవారు. మా అపార్ట్‌మెంట్‌నుంచి నడిచివెళ్ళే దూరంలో ఇండియన్ గ్రోసరీ, దాని పక్కనే కామిక్స్ షాపు. దేవుడు నాకోసమే కట్టించాడనుకున్నాను. కొత్త సంచికలు బుధవారం వస్తాయి. బుధవారం కొత్తిమీరకట్టా పచ్చిమిరపకాయలూ ఒక చేతిలో, కామిక్స్ ఇంకో చేతిలో. ఇత్తడి ముసుగువాడివి మాత్రం రెండేసి కొనేదాన్ని. కౌంటర్లో గడ్డపాయన, నేను ఒకటి చదవడానికీ ఒకటి దాచి ఎప్పటికో అమ్ముకోవడానికీ కొంటున్నాననుకునేవాడు. అక్కడ చాలామంది అదే పని చేస్తారు మరి. నాది ఆ బాపతు కాదు. రెండోది అన్నయ్యది. ప్లాస్టిక్ కవర్లో అట్టముక్కతో సహా పెట్టి, ఇండియా వెళ్ళే వాళ్ళెవరైనా దొరికితే ఆవకాయ తెమ్మని చెప్పి ఆ వంకన ఇవి అంటగట్టేదాన్ని.

కానీ అవి చేరేలోగా వాడికి ఆగదుగా! శనివారం పొద్దున, అంటే వాడికి సాయంత్రం, ఫోన్ చేసేవాడు. నేను బొమ్మ బొమ్మా చదివి వినిపించాలి. "ఆకాశం ఏ రంగేశాడు? వెనక ఎవరున్నారు? వాడు నవ్వుతున్నాడా?" అని ప్రాణం తీసేవాడు.

నవ్వుతున్నాడా అని ఎందుకడిగేవాడంటే, అది అసలైన గుర్తు. హీరో సుఖంగా ఉన్నాడంటే భయపడాలి. వాడికి పెళ్ళి కుదిరిందనుకోండి, ఏళ్ళతరబడి మాటల్లేని తండ్రితో రాజీ పడ్డాడనుకోండి, ఇక చూస్కోండి. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఉన్నట్టుండి వాడితో ముద్దుగా మాట్లాడటం మొదలెడితే మరీ ప్రమాదం. మామూలు రచయితలు ఇంతవరకే. గడుసువాళ్ళు ఇంకో పని చేస్తారు. ఈ గుర్తులన్నీ ఒకరి మీద పరిచి, మనం ఆ మనిషికోసం గుండె చేత్తో పట్టుకుని కూర్చుంటే, పక్కన అమాయకంగా నిలబడ్డవాణ్ణి లేపేస్తారు.

నాకు ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. ముసుగు ఉన్నవాడు ఎన్నిసార్లు పోయినా తిరిగొస్తాడు. సమాధి బద్దలు కొట్టుకుని వస్తాడు, ఇంకో లోకంనుంచి వస్తాడు, పోయింది నేను కాదు నా నకలంటూ వస్తాడు. వాడింటి పక్కన కాఫీ కాచి ఇచ్చే ముసలాయనో, వాడి చెల్లెలో, స్నేహితుడో పోతే మాత్రం పోయినట్టే. వాళ్ళ గురించి రెండో సంచికలో ఎవరూ ఒక్కమాట అనరు. ముసుగు లేనివాళ్ళు తిరిగి రారు. ఇదెక్కడి న్యాయమని ఎన్నిసార్లో తిట్టుకున్నాను.

నాకు ఏడో నెలలో బీపీ పెరిగింది. బాత్రూమ్‌కి తప్ప మంచం దిగొద్దంది డాక్టరు. ఆవేశపడొద్దు, కంగారుపడొద్దు, లేకపోతే బిడ్డకే కాదు నీకూ ప్రమాదమేనని గట్టిగా చెప్పింది. డెలివరీకని రావాల్సిన అమ్మ ముందే వచ్చేసింది. నాన్న ఎప్పుడో పోయారు, అక్కడ ఇక అన్నయ్య ఒక్కడే. వాడు ఏదో రోడ్డు కాంట్రాక్టులో సైట్ ఇంజనీరు. "వాడి తిండి వాడు చూసుకుంటాళ్ళే, నువ్వు ముందు" అంటూ అమ్మ సూట్‌కేసులోంచి దీపపు కుందె తీసి వంటింటి గట్టు మూల పెట్టింది. మొదటిరోజే సాంబ్రాణి వేస్తే స్మోక్ అలారం చెవులు చిల్లులు పడేలా మోగి, పై ఫ్లాట్‌వాళ్ళు కూడా బయటికి పరుగెత్తారు. అప్పటినుంచీ సాంబ్రాణి మానేసి దీపం మాత్రం రెండుపూటలా పెట్టేది. పడుకున్న చోటినుంచి ఆ వెలుగు నాకు కనబడేది.

ఒక శనివారం అన్నయ్య గొంతు వేరేగా ఉంది. సిగ్గుపడుతున్నాడు.

"ఏమే, పెళ్ళి కుదిరింది నాకు."

"అబ్బో! ఎవరా అభాగ్యురాలు?"

"ఉందిలే, తణుకమ్మాయి. అదికాదే, పెళ్ళి కుదిరిందిగా, మన లెక్కన నా పనైపోయినట్టే. ఇంకో రెండు సంచికలు, అంతే."

స్పీకర్లో విన్న అమ్మ ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "నోర్ముయ్ రా! శుభమా అని పెళ్ళి కుదిరితే ఆ మాటలేంట్రా? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!"

"అమ్మా, మా వాళ్ళు పోయినా తిరిగొస్తారే" అని వాడు పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం గోడవైపు తిరిగి లెంపలేసుకుంది.

ఆ తర్వాత బుధవారం మావారు ఆఫీసునుంచి వస్తూ కొత్త సంచిక తెచ్చారు. రెండు కాపీలు, గొణుక్కుంటూ. "పిల్లలు చదివే బొమ్మల పుస్తకానికి ఇంత హడావిడేంటి?" అని ప్రతిసారీ అనే మాటే అన్నారు. తెరిచి చూస్తే, ఇత్తడి ముసుగువాణ్ణి చంపేశారు. వంతెన కూలిపోతుంటే బస్సులో ఉన్నవాళ్ళనందర్నీ దాటించి వాడు నదిలో పడిపోయాడు. చివరి పేజీ నిండా నీళ్ళే. మాటల్లేవు, మనిషి లేడు, ఒక పక్కన ముసుగు తేలుతోంది. నాకు ఏడుపొచ్చింది. అన్నిటికీ ఏడుపొచ్చే రోజులవి.

శనివారం చదివి వినిపించాను. చివరి పేజీలో ఏముందో అన్నయ్య రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"శవం లేదు కదా, వస్తాడులే" అన్నాను నేనే.

"ఈసారి రాడే."

"ఏం? నువ్వు పెట్టిన రూలేగా! ముసుగు తేలితే ముసుగు పోయినట్టు, మనిషి పోయినట్టా?"

"అబ్బ, నా దగ్గరొక పాయింటుందే బాబూ. చెప్తే నోరు మూసుకుంటావు. ఇప్పుడు కాదు, సైటుకి బయల్దేరాలి. వచ్చేవారం చెప్తా."

"వచ్చేవారం నేనే నీ నోరు మూయిస్తా, చూడు."

"సరే చూద్దాం. బిడ్డనీ నిన్నూ జాగ్రత్త" అని పెట్టేశాడు.

వచ్చేవారం ఫోన్ రాలేదు.

"సైటు మార్చారట, అక్కడ సిగ్నల్ ఉండదట" అన్నారు మావారు, నా ముఖం చూడకుండా కర్టెన్ సర్దుతూ. ఆ కర్టెన్‌ని మా పెళ్ళయ్యాక ఆయన ముట్టుకోవడం అదే మొదటిసారి. ల్యాండ్‌లైన్ అయితే అంతకుముందు ఆదివారమే, మేం మాట్లాడిన మర్నాడే, నా మంచం పక్కనుంచి హాల్లోకి వెళ్ళిపోయింది. చప్పుడుకి నా నిద్ర చెడుతోందట. నా సెల్‌ఫోన్‌కి చార్జర్ పాడైందట, కొత్తది తెస్తారట.

ఆ ఆదివారం సాయంత్రమే వంటింట్లో దీపం కనబడలేదు.

"అమ్మా, దీపం పెట్టలేదే?"

"అలారం మోగుతుందేమోనని భయమేస్తోందే. నీకు కంగారు కదా" అంది అమ్మ అట్నుంచే. నిన్నటిదాకా మోగని అలారం దీపానికి ఎందుకు మోగుతుందని అడగాలి కదా నేను? అడగలేదు. సరేలే అనుకున్నాను. గుడిలో సీమంతం చేయిద్దామని అమ్మ పట్టుబట్టి మాట్లాడించింది, వీల్ చైర్‌లోనైనా తీసుకెళ్తానంది. అదీ రద్దయింది. "నీ ఒంటికి మంచిది కాదులే" అంది. ఇప్పుడు చదువుతున్న మీకు తెలిసిపోయే ఉంటుంది. దీపం పెట్టని ఇల్లు, గుడికి వెళ్ళని అమ్మ. అంటే ఆ ఇంట్లో మైల ఉంది. తెలుగింట పుట్టిన ఏ ఆడపిల్లకైనా చెప్పకుండానే తెలియాల్సిన సంగతి. నాకు తట్టలేదు.

అలాగని నేనేం మొద్దులా పడుకోలేదు. ఇంట్లో ఏదో ఉందని నా ఒళ్ళంతా చెబుతూనే ఉంది. అందరూ మంచివాళ్ళయిపోయారు, అదే కదా నా లెక్కలో ప్రమాదం! అన్నంలో పచ్చడి ఎక్కువేసుకున్నా అమ్మ కసరడం లేదు. మావారు కామిక్స్ గొణక్కుండా తేవడమే కాదు, మంచం అంచున కూర్చుని తనే చదివి వినిపిస్తున్నారు, ఆ ఆఫీసు ఇంగ్లీషులో. అమ్మ ఒంటిపూట తింటోంది. సోఫా వదిలేసి కింద చాప మీద పడుకుంటోంది. కళ్ళు ఉబ్బి ఉంటున్నాయి. అడిగితే ఉల్లిపాయలంటుంది, వంటలో చూస్తే ఉల్లిపాయే ఉండదు. ఇద్దరూ హాల్లో గుసగుసలాడుకుంటారు, నేను పిలిస్తే ఆపేస్తారు.

గుర్తులన్నీ అమ్మ మీద ఉన్నాయి. అమ్మకేదో పెద్ద జబ్బు వచ్చిందని, నా డెలివరీ అయ్యేదాకా దాస్తున్నారని తేల్చుకున్నాను. అమ్మ దగ్గితే చెవులు రిక్కించేదాన్ని. అమ్మ పడుకుంటే ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. "దేవుడా, అమ్మని తీసుకెళ్ళకు" అని మొక్కుకునేదాన్ని. గడుసు రచయితల మోసం ఊరందరికీ విప్పిచెప్పే దాన్ని, నేను కూడా గుర్తులున్న మనిషినే చూస్తూ కూర్చున్నాను.

కొన్నాళ్ళకు దీపం మళ్ళీ వెలిగింది. "అలారం మీ ఆయన బాగుచేశాడు" అంది అమ్మ. అమ్మయ్య అనుకుని ఆ వెలుగు చూస్తూ ఆ మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

అన్నయ్య మీద మాత్రం కోపంగా ఉన్నాను. ఎంత సిగ్నల్ లేకపోతే మాత్రం! పెళ్ళికూతురితో మాట్లాడటానికి ఉంటుందేం సిగ్నల్? వాడి కాపీలు కవర్లలో పెట్టి దాస్తూనే ఉన్నాను. రానీ, వీడి పాయింటూ వీడూ, కడిగేస్తా అనుకున్నాను.

బీపీ ఇంకా పెరిగితే నెలలు నిండకముందే ఆసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. బొడ్డుపేగు మెడకు చుట్టుకుని పుట్టింది. "ఇది చాలామందికి జరిగేదే, పాప బాగుంది" అని నర్సు నవ్వుతూ చెప్పింది. నాకు మాత్రం మందుల మత్తు ఒక్కసారి దిగిపోయింది. పేగు మెడలో వేసుకుని పుట్టిన బిడ్డ మేనమామకు గండమంటారు మా వైపు. మేనమామ బిడ్డ ముఖాన్ని నేరుగా చూడకూడదు. గిన్నెలో నూనె పోసి ముందు అందులో నీడ చూడాలి, ఆ తర్వాతే బిడ్డని. అన్నయ్య పుట్టినప్పుడు మా మేనమామ అలాగే చూశాడని అమ్మే చెప్పేది.

మావారు కెమెరా తీసి పాపని ఫోటో తీస్తున్నారు.

"ఏమండీ, ఆగండి! ఆ ఫోటో అన్నయ్యకు పంపకండి. ఈమెయిల్లో కూడా వద్దు. ముందు వాడు నూనెలో చూడాలి" అన్నాను.

ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అమ్మా, నువ్వు చెప్పు. వాడు వచ్చేదాకా ఫోటో కూడా చూడకూడదు కదా? వాడు వింటాడా అసలు! నీ మూఢనమ్మకాలు నువ్వూ అని నవ్వుతాడు. నువ్వే గట్టిగా చెప్పాలి. గండం కదమ్మా!"

అమ్మ పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాప ముఖం మీద గుడ్డ సర్దుతూ, తలెత్తకుండా అంది:

"చూసినా ఏం కాదులేవే. వాడికిక గండాలు లేవు."

"అత్తయ్యగారూ!" అన్నారు మావారు.

అమ్మ ఇక ఆగలేదు. అన్ని రోజులు ఉల్లిపాయల మీద పెట్టిన ఏడుపంతా ఆ ఆసుపత్రి గదిలో ఏడ్చింది. పాపని నేను తీసుకోబోయాను, కుట్లు లాగేశాయి. మావారే మంచం పక్కన కూర్చుని చెప్పారు. మాతో మాట్లాడి బయల్దేరిన ఆ సాయంత్రమే, సైటుకి వెళ్ళే దారిలో లారీ. మోటార్ సైకిల్ తుక్కయిందట. హెల్మెట్ మాత్రం దూరంగా పడి ఉందట, దానిమీద గీత కూడా లేదట. దహనం బాబాయి చేశాడట.

నేను వాళ్ళిద్దరినీ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఎంత కోపమంటే, పాప ఏడుస్తున్నా వినబడలేదు నాకు. "నా అన్నయ్య పోతే నాకు చెప్పరా? నన్ను అడగరా? మీరెవరు?" అని అరిచాను. నర్సులు పరుగెత్తుకొచ్చారు. "నువ్వెళ్ళాల్సింది కదమ్మా! కన్నకొడుకు! నువ్వైనా ఎందుకెళ్ళలేదు?" అని అమ్మ మీద పడ్డాను.

"నేనెళ్తే నీకు తెలిసిపోయేది" అంది అమ్మ కళ్ళు తుడుచుకుని. "తెలిస్తే నీకేమైనా అయితే? వాడెటూ పోయాడు. నిన్నూ పోగొట్టుకోమంటావా?"

పుట్టెడు దుఃఖం కడుపులో పెట్టుకుని నాకు చారన్నం కలిపి పెట్టింది ఆ మనిషి. దీపం పెట్టకుండా మైల పట్టింది కానీ అన్నాళ్ళూ నా ముందు ఒక్కసారి కూడా ఏడవలేదు.

రెండేళ్ళు దాటాక, నేను అనుకున్నట్టే ఇత్తడి ముసుగువాడు తిరిగొచ్చాడు. షాపులో గడ్డపాయన నన్ను చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, అడక్కుండానే రెండు కాపీలు కౌంటర్ మీద పెట్టాడు. రెండెందుకని నేను అనలేదు. అప్పటికి కారు నడపడం వచ్చింది. పార్కింగ్‌లోనే కూర్చుని చదివాను. నది అడుగున ఏదో గుహ ఉందట, అక్కడ ఎవరో వైద్యం చేశారట. ఇంత చచ్చు వంక నేను నా జన్మలో చదవలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. వాదనలో నేనే గెలిచాను. ఒప్పుకోవాల్సినవాడు లేడు, వాడి పాయింటేమిటో చెప్పనే లేదు.

అమ్మ అప్పుడు మా దగ్గరే ఉంది, మనవరాలి కోసం రెండోసారి వచ్చింది. ఈసారి సూట్‌కేసులో చీరల మడతల మధ్య ఒక సీడీ తెచ్చింది. అన్నయ్య దహనం రోజు బాబాయి ఎవరిచేతో వీడియో తీయించాడట, అక్కడ లేనివాళ్ళం మేమిద్దరం చూసుకుంటామని. "చూస్తావా?" అని అడిగింది వచ్చినరోజు. తలుపు వెనక అల్మరాలో పెట్టేశాను. తను చూసిందో లేదో నేను అడగలేదు.

కామిక్స్ సంచీ పట్టుకుని ఇంట్లోకి వెళ్ళేసరికి అమ్మ కుందెలో నూనె పోస్తోంది. పాప కింద కూర్చుని గిన్నెలు వాయిస్తోంది. నా కళ్ళు చూసి అమ్మకు అర్థమైనట్టుంది. మేం వాదించుకున్నవన్నీ స్పీకర్లో విన్న మనిషే కదా.

"ఏమే, ఆ నీళ్ళలో పడినవాడు ఏమయ్యాడు?"

"వచ్చేశాడమ్మా."

"అదెలా వచ్చాడే?"

"శవం ఎవరూ చూడలేదుగా. చూడకపోతే పోయినట్టు కాదు, మా లెక్కలో" అన్నాను చెప్పులు విప్పుతూ.

అమ్మ వత్తి సర్దింది. అగ్గిపుల్ల గీసింది కానీ దీపానికి పెట్టలేదు. అది వేలిదాకా కాలుతుంటే చూస్తూ ఉంది.

"ఆ సీడీ నేనూ చూళ్ళేదే" అంది. "చూడొద్దులే మనం."